నలభై ఏడో ప్రశ్నకు జవాబు

మా మండలి ఏర్పడి పందొమ్మిదేళ్ళయింది. ఈ పందొమ్మిదేళ్ళలో అది ఒక్క తప్పు కూడా చేయలేదు. పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటును కాబట్టి ఈ మాట నేను చెప్పగలను. తప్పు జరిగిందని ఎవరు ఏ కాగితం రాసినా అది ముందు నా బల్ల మీదికే వస్తుంది, చాలావరకు అక్కడే ఉంటుంది.

ఆసుపత్రుల్లో, మందుల షాపుల్లో కౌంటరు వెనక నిలబడి మందులిచ్చేవాళ్ళకు శిక్షణ ఇప్పించి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇవ్వడం మా మండలి పని. ఏ మందు దేనికి, ఎంత మోతాదు, దేనితో ఏది కలవకూడదు, ఏది మింగాలి, ఏది పూయాలి, ఏది పొడవాలి – ఇంతవరకు తెలిస్తే చాలు. వంద ప్రశ్నలు, వంద మార్కులు. యాభై వస్తే పాసు.

ఆ ఏడు నలభై ఏడో ప్రశ్న ఇన్సులిన్ గురించి వచ్చింది. ఇన్సులిన్‌ను రోగికి ఏ విధంగా ఇవ్వాలి? ఒకటి, పైపూతగా. రెండు, చర్మం కింద సూదిమందుగా. మూడు, నోటి ద్వారా. నాలుగు, కంట్లో చుక్కలుగా.

ప్రశ్నలు తయారుచేసిన పెద్దమనిషి జవాబు రెండు అనే రాసి పంపారు. జవాబుల పట్టీ టైపు చేసింది నేను. నలభై ఆరు దగ్గర ఫోను మోగింది. మాట్లాడి వచ్చి కూర్చుని, రెండు కొట్టాల్సిన చోట మూడు కొట్టాను. దానికి ఇంతకు మించిన చరిత్ర లేదు. మా కార్యదర్శి పొన్నెకంటి అనంతపద్మనాభం గారు ప్రతి పేజీ మీదా సంతకం చేశారు. మండలి ఆమోదించింది. పట్టీ వెలువడింది.

ఫలితాలు వచ్చిన నాలుగో రోజున కొమ్మూరి ఎస్తేరు మా ఆఫీసుకు వచ్చింది. గుండ్లవాగు అమ్మాయి. ఇరవై రెండేళ్ళుంటాయి. నలభై తొమ్మిది మార్కులొచ్చాయి. రసాయనాల పొడుగాటి పేర్ల దగ్గర తడబడే మనిషి గానీ, రోగికి చెప్పాల్సిన మాట దగ్గర తడబడదని తరువాత చాలామంది చెప్పగా విన్నాను. వాళ్ళ ఊరి ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ హైమవతి గారు, పాసై వస్తే కౌంటర్లో పని ఇస్తానని ముందే మాటిచ్చారట. ఒక్క మార్కు దగ్గర ఆ మాట ఆగిపోయింది.

"అభ్యంతర పత్రం మూడు ప్రతులు ఇవ్వాలి. ఆధారాలు జతపరచాలి," అన్నాను.

"జతపరిచా సార్. ఇదిగో మన మండలి వాళ్ళేసిన పుస్తకమే, నూట పన్నెండో పేజీ. ఇదిగో మా నాయనమ్మ."

పక్కనే చేతికర్ర పట్టుకుని ఒక ముసలమ్మ నిలబడి ఉంది. పేరు మరియమ్మ. నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"నువ్వేనా బాబూ ఆఫీసరువి?"

"కాదమ్మా, గుమాస్తాను."

"అయితే మాట ఇంటావు. ఎనిమిదేళ్ళ నించి ఈ పిల్ల నాకు పొద్దున పద్నాలుగు యూనిట్లు, సందేళ ఎనిమిది పొడస్తంది. తాగే మందైతే ఇన్నేళ్ళూ నన్నెందుకు పొడిచినట్టు? నా మీద కచ్చా దీనికి?"

ఆధారం మీద కార్యాలయ ముద్ర వేయాలని నిబంధన ఉంది. పుస్తకం మీద వేశాను. మరియమ్మ కూడా చెయ్యి చాపింది గానీ నాకు ధైర్యం చాలలేదు. 'ఆధారం రెండు: నాయనమ్మ, ఒకరు. పరిశీలించి తిరిగి ఇచ్చివేయడమైనది' అని రిజిస్టరులో రాసుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక పాత కాగితం తీసి చూస్తే పెద్దమనిషి వేసిన రెండు అంకె నన్నే చూస్తోంది. లేచి కార్యదర్శిగారి గదిలోకి వెళ్ళాను.

"సార్, తప్పు నాది. టైపు చేసేటప్పుడు రెండు బదులు మూడు పడింది."

ఆయన కోప్పడలేదు. పద్మనాభం గారు కోపిష్టి కారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"దక్షిణామూర్తీ, నువ్వు కొట్టినప్పుడు అది తప్పే, కాదనను. నేను సంతకం పెట్టినప్పుడు అది పొరపాటు. మండలి ఆమోదించిన తరువాత అది జవాబు. నీ తప్పు నీకు తిరిగి ఇచ్చే అధికారం ఇప్పుడు నాకు లేదు."

అయినా అభ్యంతరం వచ్చింది కాబట్టి నిపుణుల సంఘం కూర్చుంది. ముగ్గురు సభ్యులు. ఒకాయన రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు, ఒకాయన నీటిపారుదలలో. మూడో ఆయనకు మందులతో దగ్గరి పరిచయం ఉంది, రోజూ తొమ్మిది మింగుతారు. లెక్కలు నేను చదివాను. పరీక్ష రాసినవాళ్ళు నాలుగు వేల పైచిలుకు. మూడు అని గుర్తు పెట్టినవాళ్ళు ఆరువందల పన్నెండు మంది. అందులో ఆ ఒక్క మార్కుతో గట్టెక్కినవాళ్ళు నూట తొంభై. వాళ్ళల్లో చాలామంది అప్పుడే కొలువుల్లో చేరిపోయారు.

"జవాబు మారిస్తే ఈ నూట తొంభై మంది ఊరుకుంటారా?" అని రెవెన్యూ ఆయన అడిగారు.

"కోర్టుకు వెళతారు," అన్నారు కార్యదర్శిగారు.

"మార్చకపోతే?"

"ఎస్తేరు అనే అమ్మాయి వెళ్ళవచ్చు. అభ్యంతరం పెట్టింది ఆమె ఒక్కతే."

"మరి ఆ ఇన్సులిన్ సంగతో?" అని మూడో ఆయన మెల్లగా అడిగారు.

"ఇన్సులిన్ కోర్టుకు వెళ్ళదు," అని నీటిపారుదల ఆయన తేల్చారు.

తీర్మానం కార్యదర్శిగారే చెప్పి రాయించారు: 'ప్రశ్న సక్రమము. జవాబు సక్రమము. పాఠ్యపుస్తకము మాత్రమే సదరు జవాబునకు అనుగుణముగా లేనందున దానిని తక్షణమే సవరించవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.'

సవరించడం అనుకున్నంత తేలిక కాలేదు. నూట పన్నెండో పేజీలో 'చర్మం కింద సూదిమందుగా' అన్నది కొట్టేసి 'నోటి ద్వారా, చెంచాతో' అని రాశాను. అయితే దాని కింద కారణం కూడా ఉంది. ఇన్సులిన్ మాంసకృత్తు అనీ, మాంసకృత్తును మింగితే కడుపులోని జీర్ణరసాలు దాన్ని ముక్కలు చేసేస్తాయనీ, పప్పు తిన్నట్టు అరిగిపోతుందే తప్ప ఒంట్లో చక్కెరను తగ్గించదనీ ఉంది. ఇది కొట్టేస్తే జీర్ణక్రియ అధ్యాయం మొత్తం కదులుతుంది. కార్యదర్శిగారికి చూపిస్తే కాసేపు ఆలోచించి ఒక వాక్యం చేర్పించారు: 'మండలి ఆమోదము పొందిన మాంసకృత్తులకు పై సూత్రము వర్తించదు.'

కొత్త పుస్తకాలు అన్ని శిక్షణ కేంద్రాలకూ వెళ్ళాయి. నెల తరువాత తనిఖీకి బయలుదేరి, కార్యదర్శిగారూ నేనూ మొదట గుండ్లవాగు కేంద్రానికే వెళ్ళాం. అక్కడ పాఠం చెప్పేది తాళ్ళూరి రత్నాకరం గారు. ఎస్తేరుకు చెప్పింది కూడా ఆయనే. మండలి పుట్టకముందు నుంచే, ఇరవై ఏడేళ్ళుగా చెబుతున్నారు. మేం వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాం. ఆయన ఇన్సులిన్ పాఠం తీసి, నోటి ద్వారా, చెంచాతో అని బోర్డు మీద చక్కగా రాశారు. ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, నిన్న జీర్ణక్రియలో మాంసకృత్తులు కడుపులో ముక్కలైపోతయ్యన్నారు. మరి ఇదీ మాంసకృత్తేగా?"

రత్నాకరం గారు మా వైపు చూశారు.

"నిన్నటిది నిన్నటి పాఠం తల్లీ. కూర్చో."

కార్యదర్శిగారు సంతోషించారు. వెళ్ళేముందు మాత్రం ఆ అమ్మాయి నోటుబుక్కు చూపించమన్నారు. పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టి ఉంది. ఎడమ పక్కన 'పరీక్షకు: నోరు', కుడి పక్కన 'మనిషికి: సూది.' అందరి పుస్తకాల్లోనూ అదే గీత.

"ఇదేమిటండీ?" అన్నారు కార్యదర్శిగారు.

"రేపు వీళ్ళు కౌంటర్లో నుంచోవాలి సార్," అన్నారు రత్నాకరం గారు. "వీళ్ళ చేతి మందు జనం వాడాల. నేను బడి మానేస్తా గానీ, ఆ కుడి పక్కది చెప్పకుండా ఉండలేను."

ఆయన మీద మోపిన అభియోగానికి పేరు వెతకడానికి రెండు రోజులు పట్టింది. చివరికి 'విద్యార్థులలో ద్వంద్వ పరిజ్ఞానము కలిగించుట' అని ఖాయం చేశాం. ఆయనను పాఠాల నుంచి తప్పించి, కేంద్రం వెనక ఉన్న ఔషధ మొక్కల తోట చూసుకోమన్నారు.

ఇక ఆసుపత్రి. ఎస్తేరుకు అనుకున్న కౌంటర్లో బాలకోటేశ్వరరావు అనే అతను చేరాడు. ఎనభై ఒక్క మార్కులు. మర్యాదస్తుడు, పుస్తకం మొత్తం కంఠతా వచ్చు. చక్కెర జబ్బువాళ్ళు ఇన్సులిన్ సీసా తీసుకోవడానికి వస్తే, అన్నానికి ముందు చెంచాలో పోసుకుని తాగండి అని ఓపికగా చెప్పేవాడు. సిరంజిలు ఇకమీదట అవసరం లేదని పై ఆఫీసుకు రాసి, చెంచాలు తెప్పించాడు.

డాక్టర్ హైమవతి గారికి విషయం తెలిసి మండలికి ఘాటుగా ఉత్తరం రాశారు. జవాబు మేం వెంటనే పంపాం: 'సూపరింటెండెంటు వారికి వైద్యము తెలిసియుండవచ్చును. అయితే కౌంటరు వద్ద రోగికి చెప్పవలసిన మాట మండలి పరిధిలోనిది. అర్హత గల సిబ్బంది మండలి పాఠ్యాంశమునకు భిన్నముగా చెప్పినచో వారి అర్హత రద్దగును.' ఆ జిల్లాలో అర్హత ఉన్న ప్రతివాడూ చెంచా పట్టుకున్నాడు.

సూదికి భయపడే జనం మొదట్లో సంబరపడ్డారు. తరువాత దాహం మొదలైంది. ఆటో తోలే కాసిం అనే ఆయన బండి తోలుతూ తోలుతూ సొమ్మసిల్లి అదే ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాడు. హైమవతి గారు దగ్గరుండి బతికించారు. ఇంటికి పంపేటప్పుడు రహస్యంగా చెవిలో చెప్పారట: "కౌంటరు దగ్గరికి పోవద్దు. ఎస్తేరు వాళ్ళింటికి పో. ఆ పిల్ల ఫెయిలైంది."

మర్నాటి నుంచి ఎస్తేరు వాళ్ళ వరండాలో జనం చేరారు. ఆమె ఎవరికీ మందు రాసివ్వలేదు. డాక్టరమ్మ చీటీ మీద ఎంత ఉంటే అంత సూదిలోకి ఎలా తీసుకోవాలో, తెల్లగా ఉండే మందును కుదపకుండా రెండు అరచేతుల మధ్య ఎలా దొర్లించాలో, పొడిచిన చోటే మళ్ళీ మళ్ళీ ఎందుకు పొడవకూడదో, ఫ్రిజ్ లేనివాళ్ళు సీసాను తడిగుడ్డ చుట్టిన కుండలో ఎలా దాచుకోవాలో నేర్పేది. వేళకు తినకపోతే చక్కెర పడిపోయి చెమటలు పడతాయి, జేబులో బెల్లంముక్క ఉంచుకో అని ప్రతి ఒక్కరికీ చెప్పేది. నాయనమ్మ పక్కనే కూర్చుని తన పొట్ట మీద నేర్చుకోమనేది.

సంగతి మండలికి చేరింది. ఉత్తీర్ణత పొందని వ్యక్తి సరైన జవాబుకు విరుద్ధంగా ప్రజలను పొడుస్తున్నదని బాలకోటేశ్వరరావు రాశాడు. విచారణకు కార్యదర్శిగారే బయలుదేరారు. నన్ను వెంట రమ్మన్నారు.

అప్పటికి నెల్లాళ్ళ నుంచి ఆయనకూ ఇన్సులిన్ మొదలైంది. ఇది ఆఫీసులో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయన దాచలేదు. రోజూ మధ్యాహ్నం భోజనానికి ముందు మా అందరి ఎదుటా చెంచాలో పోసుకుని తాగేవారు. తాను సంతకం చేసిన జవాబును తాను పాటించని మనిషి కారాయన. నెలలో బెల్టుకు రెండు కొత్త చిల్లులు పడ్డాయి. మొహం పీక్కుపోయింది. గుండ్లవాగు వెళ్ళే దారిలో కారు ఎనిమిదిసార్లు ఆపించారు. తెచ్చుకున్న నీళ్ళన్నీ తాగేసి నా సీసా కూడా తీసుకున్నారు.

ఎస్తేరు వరండా మెట్టు దగ్గర ఆయన కాళ్ళు తడబడ్డాయి. నేను పట్టుకునేలోపే మరియమ్మ తన ముక్కాలిపీట ముందుకు తోసింది. ఆయన దాని మీద కూలబడ్డారు. ఎస్తేరు ఏమీ అడగకుండా వేలి చివర గుచ్చి చూసింది. నాలుగు వందల ముప్పై ఆరు.

"సార్, మందు ఎట్టా వాడుతున్నారు?"

"నిబంధనల ప్రకారం," అన్నారాయన పొడినోటితో.

ఎస్తేరు ఆయన మందుల చీటీ అడిగి తీసుకుని చూసింది. చీటీ రాసిన డాక్టరు సరిగ్గానే రాశారు, పన్నెండు యూనిట్లు సూదిమందు అని.

"ఇప్పుడు చీటీలో ఉన్నది ఏస్తాను సార్. కానీ ఇంత చక్కెర మా వరండాలో తగ్గేది కాదు. ఏసిన ఎంటనే డాక్టరమ్మ దగ్గరికి పోవాల మీరు. ఇట్టా వదిలేస్తే మనిషి దక్కడు."

ఆయన ఆమె చేతిలోని సూదిని చూశారు. తరువాత నన్ను చూశారు. ఆ కళ్ళలో భయం నేను మొదటిసారి చూశాను. అయినా అడగాల్సింది అడిగారు.

"అమ్మాయ్, నీకు అర్హత ఉందా?"

"లేదు సార్."

"ఖచ్చితంగా?"

"నలభై తొమ్మిది సార్. మీరే సంతకం చేశారు. కాయితం చూపించమంటారా?"

"చూపించు."

చూపించింది. ఆయన తన సంతకం చూసుకుని ఊపిరి పీల్చుకున్నారు.

"దక్షిణామూర్తీ, అర్హత గలవారు సూది వేసినచో నిబంధనల ఉల్లంఘన. అర్హత లేనివారికి అసలు నిబంధనే వర్తించదు. అంతేనా?"

"అంతే సార్," అన్నాను. పందొమ్మిదేళ్ళలో అంత గట్టిగా నేనెప్పుడూ అనలేదు.

ఆయన చొక్కా పైకెత్తి కళ్ళు మూసుకున్నారు.

"బిగబట్టమాక నాయనా," అంది మరియమ్మ. "నువ్వు సంతకం పెట్టినంత సేపు కూడా పట్టదు."

అక్కడినుంచి కార్లో నేరుగా హైమవతి గారి దగ్గరికి తీసుకుపోయాను. ఆరు రోజులు ఉంచుకున్నారు. ఆ ఆరు రోజులూ ఎస్తేరే వచ్చి సూది వేసింది, ఎందుకంటే ఆసుపత్రిలో మిగతా అందరికీ అర్హత ఉంది. ఏడో రోజున కార్యదర్శిగారు మంచం మీద కూర్చుని నాతో ఒక ఉత్తర్వు రాయించారు. జవాబు మార్చాలన్న ఆలోచన ఆయనకు రాలేదు, రాదని నాకు తెలుసు. ప్రతి ఆసుపత్రిలోనూ మండలి పరీక్షలో విఫలమైనట్లు మండలే ధ్రువీకరించిన వ్యక్తి ఒకరు తప్పనిసరిగా ఉండాలని ఆ ఉత్తర్వు. దానికోసం 'అనర్హతా ధ్రువపత్రం' అని కొత్తది ముద్రించాం. మొదటిది ఎస్తేరుకు ఇచ్చాం. గుండ్లవాగు ఆసుపత్రి కౌంటరు పక్కన ఆమెకొక బల్ల, దాని మీద 'అనర్హ సహాయకురాలు' అని ఒక పలక.

రోగులు ముందు కౌంటర్లో బాలకోటేశ్వరరావు చెప్పేది వినాలి, తరువాత పక్కకు జరిగి ఎస్తేరు చెప్పేది చేయాలి. జనం నాలుగు రోజుల్లో అలవాటు పడ్డారు. కొలువుల్లో ఉన్నవాళ్ళు కొందరు తమ మార్కులు తగ్గించమని దరఖాస్తులు పెట్టారు. రత్నాకరం గారి తోటలోకి సాయంత్రాలు విద్యార్థులు వచ్చి మొక్కల మధ్య కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్ళేం నేర్చుకుంటున్నారో మేం అడగలేదు.

అంతా ఇలా సర్దుకుంటున్న రోజుల్లో మండలి వార్షికోత్సవం వచ్చింది. కార్యదర్శిగారి ఒళ్ళు కుదుటపడింది. సూది వేయడానికి మా ఆఫీసులోనే నలభై ఒక్క మార్కుల అటెండరు ఒకావిడ దొరికింది. ఒక ఉదయం నన్ను పిలిచారు. ఆయన గొంతులో నిజమైన ఆప్యాయత ఉంది.

"ఆ అమ్మాయి నా ప్రాణం నిలబెట్టింది దక్షిణామూర్తీ. ఏదైనా చెయ్యాలి. జవాబు మార్చలేం. కానీ మార్కు ఇవ్వగలం. కార్యదర్శి విచక్షణాధికారంతో ఒక్క మార్కు కలుపు. పాసైనట్టు సర్టిఫికెట్ తయారుచెయ్. తపాలాలో వద్దు, నువ్వే స్వయంగా తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టి సంతకం తీసుకురా."

"సార్, పాసైతే ఆమె కూడా..." అన్నాను.

"అవును, ఆమె కూడా మనలో ఒకరవుతుంది," అని ఆయన తృప్తిగా నవ్వారు.

సర్టిఫికెట్ కవర్లో పెట్టుకుని గుండ్లవాగు బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి ఎస్తేరు బల్ల ముందు పదిమంది ఉన్నారు. కవరు అందించి సంగతి చెప్పాను. ఆమె చేయి ఆగిపోయింది. కవరును అటూ ఇటూ తిప్పి చూసింది, విప్పలేదు. ఆ ఒక్క మార్కు కోసం ఆ ఏడాది ఆమె ఎన్నిసార్లు ఏడ్చిందో నాకు తెలియదు గానీ, అప్పుడు మాత్రం కళ్ళు నిండాయి.

"పాసయ్యానా సార్?"

"పాసయ్యావమ్మా."

"మా నాయనమ్మకి చూపిస్తే బజారంతా తిరిగి చెప్తది." కవరు మీద తన పేరు చదువుకుంది. "ఇది తీసుకుంటే రేపటి నుంచి నేనూ చెంచానేగా సార్?"

"నిబంధన అట్లా ఉంది."

వరసలో ముందున్న పెద్దాయన మా ఇద్దరి వంకా చూస్తున్నాడు. చేతిలో కొత్త సీసా, కొత్త సిరంజి. నేను వెళ్ళకముందే ఆయన పాఠం మొదలైనట్టుంది, చొక్కా గుండీలు ఊడదీసి ఉన్నాయి.

"ఏందమ్మా, ఆ కాయితం వస్తే ఇంక నువ్వు చెప్పవా మాకు?" అన్నాడు.

ఎస్తేరు కవరు నా చేతిలో పెట్టింది. కళ్ళు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

కవరు అందజేయలేకపోతే దాని వెనక కారణం రాయాలి. అక్కడే రోగుల బెంచీ చివర కూర్చున్నాను. కలం తీసి 'చిరునామాదారు కొరకు వెతకగా కనిపించలేదు' అని రాసి, కింద సంతకం చేసి, తేదీ వేశాను. రెండడుగుల దూరంలో ఎస్తేరు ఆ పెద్దాయన వేళ్ళు పట్టుకుని, పొట్ట మీద చర్మాన్ని చిటికెడు ఎలా పట్టాలో చూపిస్తోంది.

"అంత గట్టిగా కాదు పెద్దయ్యా," అంటోంది. "మెల్లగా. ఆఁ, అట్టా."